గ్రాఫిక్స్ కార్డుల తూనిక
డిజైను కంప్యూటరు కొనబోవు సంఘములకు కొన్ని సూచనలు

(సిరొంచ ప్రాంతపు ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

డిజైనులు గీయుటకు కంప్యూటరు కావలెనను మాట నేడు మన సహకార సంఘములలో ప్రతి చోటను వినవచ్చుచున్నది. ఇది మంచి కోరికయే. గ్రాఫు కాగితముపై గడి గడికి రంగు నింపి, ఒక్క వరుస తప్పినచో మొదటి నుండి మరల గీయుట ఎంత శ్రమయో ఆ పని చేసినవారికి తెలియును. నాగపూరు, హైదరాబాదు నగరములలోని చేనేత సేవా కేంద్రములు కంప్యూటరుపై డిజైనులు తయారుచేయుట మన సభ్యులలో పలువురు చూచియున్నారు. ఇక కొనుటయే తరువాయి అని యువకులు తొందరపడుట సహజము.

అయితే ధర విచారించగానే చిక్కు వచ్చుచున్నది. ఒక వర్తకుని కంప్యూటరునకు, మరియొక వర్తకుని కంప్యూటరునకు ధరలో రెట్టింపు తేడా కనబడును. ఆ తేడాలో పెద్ద భాగము తరచుగా ఒక్క వస్తువు మూలముననే వచ్చును. అదియే గ్రాఫిక్స్ కార్డు. సంఘము పెట్టుబడి సభ్యుల వాటాధనము. అందులో అనవసరముగా వెచ్చించిన ప్రతి పదివేలు, నూలు కొనుగోలులో తగ్గిన పదివేలే. కావున ఈ కార్డు చేయు పని ఏమి, దాని గుణములను ఎట్లు పోల్చి చూడవలెను, మన పనికి అందులో ఎంత అవసరము అను మూడు విషయములను ఈ వ్యాసములో వివరించుచున్నాను.

అట్ట నుండి కార్డు వరకు

నేతపనివారికి ఈ విషయము పరాయిది కాదు. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డు తన పేరిట నిలిచిన యంత్రమును సిద్ధపరచినాడు. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట నిలిచిపోవును. ఈ "ఉన్నది, లేదు" అను రెండు మాటల లెక్కయే తరువాత కంప్యూటరునకు ఆధారమైనది. 1839లో లియాన్‌లో సుమారు 24,000 అట్టలతో జకార్డు ముఖచిత్రమునే పట్టులో నేసినారు. లెక్కల యంత్రమునకు రూపకల్పన చేసిన ఆంగ్లేయుడు చార్లెస్ బాబేజి ఆ పట్టు చిత్రమును సంపాదించి తన యింట ఉంచుకొన్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ అను ఇంజనీరు రంధ్రముల కార్డులతోనే లెక్కించినాడు.

నేటి గ్రాఫిక్స్ కార్డులో రంధ్రములు లేవు. అది విద్యుత్తుతో పనిచేయు ఒక పలక. అయినను పని మాత్రము మనకు తెలిసినదే. సామాన్యమైన కంప్యూటరు తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా 1920 పోగుల పడుగుపై 1080 పేకలు వేసిన గుడ్డ వంటిది. అందులో ఒక్కొక్క చుక్కకు ఏ రంగు పడవలెనో నిర్ణయించి, ఆ గుడ్డను సెకనుకు 60 మారులు కొత్తగా నేయుట ఈ కార్డు పని. 1999లో ఎన్‌విడియా కంపెనీ జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేయుచు దానిని జీపీయూ అని పిలిచినది. అప్పటి నుండి ఆ మాట వాడుకలో స్థిరపడినది.

పోల్చవలసిన ఐదు కొలతలు

నూలు కొనునపుడు నెంబరు, బలము, రంగు చూచునట్లే కార్డు కొనునపుడు ఐదు కొలతలు చూడవలెను.

మొదటిది కోర్ల సంఖ్య. ఇవి మగ్గముల వంటివి. ఎన్ని ఎక్కువ యున్నచో అన్ని చుక్కల పని ఒకేసారి జరుగును.

రెండవది వేగము. దీనిని మెగాహెర్ట్జులలో చెప్పుదురు. నిమిషమునకు మగ్గముపై ఎన్ని పిక్కులు పడునో అట్టిది.

మూడవది మెమరీ. కార్డు తన ప్రక్కనే పెట్టుకొను కండెల గంప. ఇది జీబీలలో ఉండును.

నాలుగవది బ్యాండువిడ్తు. గంపలోని కండెలు మగ్గము వద్దకు ఎంత వేగముగా చేరునో తెలుపు కొలత. గంప పెద్దదైనను అందించు దారి ఇరుకైనచో మగ్గములు ఖాళీగా నిలుచును. దీని లెక్క సులువు. దారి వెడల్పును బిట్లలో తీసికొని, మెమరీ వేగముతో హెచ్చించి, ఎనిమిదితో భాగించవలెను. 192 బిట్ల దారిని 15 గిగాబిట్ల వేగముతో హెచ్చించి ఎనిమిదితో భాగించగా సెకనుకు 360 జీబీ వచ్చును.

ఐదవది వాట్లు. కార్డు తిను కరెంటు. తిన్న కరెంటంతయు చివరకు వేడిగా మారునని గుర్తుంచుకొనవలెను.

ఈ కొలతలతో కొన్ని కార్డులను వరుసగా చూడుడు. వరుసలో కోర్లు, మెమరీ, దారి వెడల్పు, సెకనుకు బ్యాండువిడ్తు, వాట్లు ఇవ్వబడినవి.

జీటీ 1030, జీడీడీఆర్5 రకము (2017): 384 కోర్లు, 2 జీబీ, 64 బిట్లు, 48 జీబీ, 30 వాట్లు.
జీటీ 1030, డీడీఆర్4 రకము (2018): 384 కోర్లు, 2 జీబీ, 64 బిట్లు, 16.8 జీబీ, 20 వాట్లు.
ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ రకము (2021): 3584 కోర్లు, 12 జీబీ, 192 బిట్లు, 360 జీబీ, 170 వాట్లు.
ఆర్‌టీఎక్స్ 3050, 8 జీబీ రకము (2022): 2560 కోర్లు, 8 జీబీ, 128 బిట్లు, 224 జీబీ, 130 వాట్లు.
ఆర్‌టీఎక్స్ 4060 (2023): 3072 కోర్లు, 8 జీబీ, 128 బిట్లు, 272 జీబీ, 115 వాట్లు.
ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకము (2024): 2304 కోర్లు, 6 జీబీ, 96 బిట్లు, 168 జీబీ, 70 వాట్లు.
ఆర్‌టీఎక్స్ 5060 (2025): 3840 కోర్లు, 8 జీబీ, 128 బిట్లు, 448 జీబీ, 145 వాట్లు.

ఈ వరుసలో ఒక వింత గలదు. 3060 కార్డులో 3584 కోర్లు ఉండగా, తరువాత వచ్చిన 4060లో 3072 మాత్రమే ఉన్నవి. కోర్లు తగ్గినవి గనుక పని తగ్గునని తలచరాదు. 3060 గరిష్ఠ వేగము 1777 మెగాహెర్ట్జులు, 4060 వేగము 2460. మగ్గములు కొన్ని తగ్గినను నాడె వేగము పెరిగినది. రెండింటిని హెచ్చించి చూచినచో కొత్త కార్డే దాదాపు ఐదింట ఒక వంతు ఎక్కువ పని చేయగలదు. కరెంటు కూడ 55 వాట్లు తక్కువ. బ్యాండువిడ్తు తగ్గినదే గాని, దానిని పూడ్చుటకు కోర్ల చెంతనే ఉండు చిన్న నిలువను 3 ఎంబీ నుండి 24 ఎంబీకి పెంచినారు. నేతగాని మోచేతి దగ్గరనే కండెలు పెట్టినట్లు. అయితే గంప మాత్రము 12 నుండి 8 జీబీకి చిన్నదైనది. అందుచేత ఒక్క అంకెను పట్టుకొని ఇది మేలు, అది కీడు అని తీర్మానించుట తగదు.

మరియొక జాగ్రత్త. ఒక కంపెనీ కోర్లను మరియొక కంపెనీ కోర్లతో లెక్కకు లెక్క పోల్చరాదు. ఏఎమ్‌డీ వారి ఆర్‌ఎక్స్ 6600లో 1792 ఉన్నవి. ఇంటెల్ వారు 2024 చివర విడుదల చేసిన ఆర్క్ బీ580లో 20 అని చెప్పుదురు. గుంట మగ్గమును మరమగ్గముతో సంఖ్యలో పోల్చినట్లుండును. అట్టిచోట ఒకే పనిని రెండింటిపై చేయించి, పట్టిన కాలమును చూచుటయే సరియైన పరీక్ష. పత్రికలలో వచ్చు పరీక్షలు చాలవరకు ఆటలతో చేసినవి. మన పనికి దగ్గరగా ఉన్న పరీక్షనే చదువవలెను. సగటు అంకెతో పాటు కనిష్ఠపు అంకెను కూడ చూడవలెను. దినమునకు సగటున ఎన్ని మూరలు నేసినను, నడుమ నడుమ పోగు తెగి ఆగిపోవు మగ్గమును మనము మంచి మగ్గమనము.

పేరు ఒకటి, సరుకు మరొకటి

పై వరుసలో జీటీ 1030 రెండు మారులు కనబడుటను పాఠకులు గమనించియుందురు. పేరు ఒక్కటే. కోర్లు ఒక్కటే. మెమరీ కూడ 2 జీబీయే. కాని మెమరీ రకము మారినందున బ్యాండువిడ్తు 48 నుండి 16.8 జీబీకి పడిపోయినది. అనగా దాదాపు మూడింట ఒక వంతు. 80 నెంబరు లేబులు అంటించి లోపల 40 నెంబరు నూలు పెట్టినట్లే గదా! 3050 కార్డు సంగతి కూడ అట్టిదే. 8 జీబీ, 6 జీబీ రకములకు తేడా మెమరీలో మాత్రమే కాదు, కోర్లలోను దారి వెడల్పులోను కూడ కలదు.

ఇట్టి వివాదములు బహిరంగముగా కూడ జరిగినవి. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970 కార్డును 4 జీబీ అని అమ్మినారు. అందులో చివరి అర జీబీ మిగిలిన దానికన్న చాల నెమ్మదియని 2015 జనవరిలో బయటపడినది. కొనుగోలుదారులు అమెరికాలో దావా వేయగా, 2016లో కార్డుకు 30 డాలర్ల వంతున చెల్లించుటకు ఎన్‌విడియా రాజీ పడినది. 2022 సెప్టెంబరులో అదే కంపెనీ ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 16 జీబీ, 12 జీబీ అను రెండు కార్డులను ప్రకటించినది. మొదటిదానిలో 9728 కోర్లు, రెండవదానిలో 7680 మాత్రమే. విమర్శలు చెలరేగగా అక్టోబరులో 12 జీబీ రకమును ఉపసంహరించుకొని, 2023 జనవరిలో 4070 టీఐ అను వేరు పేరుతో అమ్మకమునకు పెట్టినది. లాప్‌టాపులలో ఈ భేదము మరింత హెచ్చు. బల్లమీది ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ ఉండగా, అదే పేరుగల లాప్‌టాపు రకములో 9728 కోర్లు, 16 జీబీ మాత్రమే కలవు.

మా తాలూకాలో ఒక సంఘమునకు వచ్చిన కొటేషనును నేను చూడవలసివచ్చినది. అందులో "8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒకటి" అని ఒక్క పంక్తి వ్రాసి, దాని ఎదుట పెద్ద మొత్తము వేసియున్నారు. కంపెనీ లేదు, పేరు లేదు, మెమరీ రకము లేదు. నూలు వర్తకుడు "నూలు, ఒక బేలు" అని మాత్రమే వ్రాసి పంపినచో మనము ఊరకుందుమా? కొటేషను మరాఠీలో వచ్చినను, తెలుగులో వచ్చినను, ఇంగ్లీషులో వచ్చినను అంకెల భాష ఒక్కటే. ఆ అంకెలను అడుగుటకు సంకోచింపరాదు.

మన పనికి ఎంత కావలెను?

ఇక ముఖ్యమైన ప్రశ్న. దీనిని ఊహతో గాక లెక్కతో తేల్చుకొందము.

240 కొక్కెముల జకార్డుపై 400 అట్టల డిజైను అనుకొనుడు. 240ని 400తో హెచ్చించగా 96,000 గళ్ళు. ఒక్కొక్క గడిలో "లేచును, లేవదు" అను ఒక్క మాట చాలును. అట్లు దాచినచో మొత్తము డిజైను 12,000 బైట్లలో ఇమిడిపోవును. 12 జీబీ కార్డు మెమరీలో ఇట్టి డిజైనులు పది లక్షలు పట్టును. ఏ సంఘమైనను ఇన్ని తరములలో పది లక్షల డిజైనులు నేసినదా?

తెర సంగతి చూడుడు. 1920 చుక్కలను 1080తో హెచ్చించగా 20,73,600. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్ల వంతున సుమారు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 మారులు చూపుటకు సుమారు 50 కోట్ల బైట్లు, అనగా అర జీబీ. పైన మనము తీసిపారవేసిన డీడీఆర్4 రకపు జీటీ 1030 కూడ సెకనుకు 16.8 జీబీ అందించును. అవసరమునకు ముప్పది రెట్లకు పైగా! నిశ్చలముగా ఉండు డిజైను చిత్రమునకు అంతకన్న పెద్ద కార్డు పెట్టుట, తువాలు నేయుటకు జకార్డు బిగించినట్లే.

నిజమునకు చాల ప్రాసెసరులలో తెరకు బొమ్మ పంపు శక్తి లోపలనే ఉండును. వేరు కార్డు అక్కరలేదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అను అక్షరమున్నచో మాత్రము ఆ శక్తి లేదని అర్థము. దానితో కార్డు తప్పక కొనవలసియుండును. ఆ అక్షరము లేనిదానిని ఎంచుకొన్నచో ఆ ఖర్చు మిగులును. లోపలి శక్తి కంప్యూటరు సొంత మెమరీనే వాడుకొనును గనుక, 16 జీబీ పలక ఒకటి పెట్టుటకన్న 8 జీబీ పలకలు రెండు పెట్టుట మేలు. డీడీఆర్4 3200 రకములో ఒక పలకతో సెకనుకు 25.6 జీబీ, రెండింటితో 51.2 జీబీ వచ్చును. ఇది మంచి రకపు జీటీ 1030 ఇచ్చు 48 కన్న ఎక్కువ. ప్రాసెసరుతో పంచుకొనవలసి వచ్చినను మన పనికి చాలును.

అయితే బరువెక్కడ పడును? పాత చీరలను స్కాను చేయునపుడు పడును. 45 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల పొడవుగల పమిటను అంగుళమునకు 300 చుక్కల వంతున స్కాను చేసినచో 14.58 కోట్ల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల వంతున దాదాపు 44 కోట్ల బైట్లు. దానిపై మార్పులు చేయుచు పోయినచో ఇంతకు పలు రెట్లు పెరుగును. ఈ భారమంతయు ముఖ్యముగా కంప్యూటరు మెమరీ మీదను, డిస్కు మీదను పడునే గాని కార్డు మీద కాదు. అందుచేత డబ్బు పెట్టవలసినది 16 జీబీ మెమరీకి, వేగముగల ఎస్ఎస్‌డీ డిస్కునకు, రంగు నిజముగా చూపు మంచి తెరకు. గోదావరికి ఆవలి మహాదేవపురపు దసలి పట్టుకైనను, మన జిల్లాలోని ఆర్మోరి టస్సరుకైనను ఉండు సహజపు తేనెవన్నెను చౌక తెర పసుపుగా చూపినచో, ఎంత గొప్ప కార్డున్నను ఆ రంగు సరికాదు. చివరకు రంగు అద్దకమును పగటి వెలుతురులో చూచియే నిర్ణయింపవలెననుట వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్ద కార్డు ఎవరికి?

పెద్ద కార్డు వ్యర్థమని నా అభిప్రాయము కాదు. రెండు పనులకు అది కావలెను. మొదటిది, నేయకమునుపే చీరను మనిషి బొమ్మకు కట్టి, మడతలతో సహా తెరపై తిప్పి చూపు పని. దూరపు కొనుగోలుదారులకు నమూనాలు పంపు సంఘములకు ఇది ఉపయోగపడును.

రెండవది, కృత్రిమ మేధతో చిత్రములు పుట్టించు పని. 2022లో వెలువడిన స్టేబుల్ డిఫ్యూజన్ వంటి సాధనములను ఇంటి కంప్యూటరులోనే నడుపవచ్చును. ఇచట కోర్లకన్న మెమరీ ముఖ్యము. సాధనము గంపలో పట్టనిచో పని ఆగిపోవును, లేదా నత్తనడక నడుచును. పాతదైన 12 జీబీ 3060 కార్డు, కొత్తదైన 8 జీబీ 4060 కన్న ఇట్టి పనిలో కొన్ని వేళల ముందుండుటకు కారణమిదే. ఆర్క్ బీ580లో కూడ 12 జీబీ కలదు. అది సెకనుకు 456 జీబీ అందించును, 190 వాట్లు తినును.

కాని ఒక సంగతి మరువరాదు. యంత్రము పుట్టించిన బొమ్మ డిజైను కాదు. అందులో లెక్కలేనన్ని రంగులుండును, కొక్కెముల లెక్క ఉండదు. పేక పోగు పట్టు లేకుండ ఎంత దూరము తేలిపోవునో దానికి తెలియదు. దానిని 240 కొక్కెములకు, నాలుగు రంగుల కండెలకు కుదించి, గుడ్డపై నిలుచునట్లు చేయువాడు నేత తెలిసిన డిజైనరే. కార్డు కొనుటకు పెట్టు సొమ్ములో కొంత ఆ యువకుని శిక్షణకు పెట్టినచో సంఘమునకు ఎక్కువ లాభము.

మన ప్రాంతమున ప్రత్యేకముగా చూడవలసినవి

సిరొంచ నుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి రెండువందల కిలోమీటర్ల మేర ప్రయాణము. కాళేశ్వరము వంతెన దాటి తెలంగాణ పట్టణములకు పోవుటయే పలువురికి సులువు. ఎచట కొన్నను, చెడినపుడు బాగుచేయువారు ఎచటనున్నారో ముందుగా విచారింపవలెను. పనికి మించిన భాగము చెడిపోవుటకు మరొక భాగమే.

మన వేసవి ఎండలకు తోడు, మగ్గముల గదిలో నూలు దుమ్ము ఎల్లప్పుడు గాలిలో తేలును. ఆ దుమ్ము కార్డు ఫ్యానులలో చుట్టుకొని గాలిని ఆపును. వేడి మించినచో కార్డు తన వేగమును తానే తగ్గించుకొనును. కొన్న అంకె ఒకటి, పని చేయు అంకె మరొకటి అగును. కావున కంప్యూటరును మగ్గముల గదికి వెలుపల ఉంచి, నెలకొకసారి దుమ్ము దులుపవలెను.

కరెంటు ఖర్చు కూడ లెక్కింపుడు. 170 వాట్ల కార్డు పూర్తి బరువుతో ఆరు గంటలు నడచినచో ఒక యూనిట్ దాటును. 70 వాట్లదానికి అందులో సగము కూడ కాదు. కరెంటు పోయినపుడు యూపీఎస్ ఎంతసేపు నిలుచుననునది కూడ ఈ వాట్ల మీదనే ఆధారపడును. 70 వాట్ల 3050 రకమునకు సాధారణముగా వేరు కరెంటు తీగ సైతము అక్కరలేదు.

పాత కార్డు చౌకగా వచ్చుచున్నదని తొందరపడరాదు. 2022 సెప్టెంబరు వరకు ఎథీరియమ్ అను డిజిటల్ నాణెమును సంపాదించుటకు లక్షల కార్డులను రాత్రింబగళ్ళు నడిపినారు. ఆ పద్ధతి నిలిచిపోగానే ఆ కార్డులు బజారునకు వచ్చినవి. రాత్రింబగళ్ళు నడచిన మగ్గమును కొనునట్లే జాగ్రత్త పడవలెను.

కొటేషనులో వ్రాయించవలసినవి

1. ప్రాసెసరు పూర్తి పేరు, చివరి అక్షరముతో సహా.
2. కార్డు ఉన్నచో కంపెనీ, పూర్తి పేరు, మెమరీ పరిమాణము, మెమరీ రకము, దారి వెడల్పు, వాట్లు.
3. కార్డుతో ఒక ధర, కార్డు లేకుండ మరియొక ధర, విడివిడిగా.
4. కంప్యూటరు మెమరీ పలకలు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత.
5. తెర రకము, యూపీఎస్ శక్తి.
6. వారంటీ ఎన్ని సంవత్సరములు, బాగుచేయు చోటు ఏ ఊరు.
7. కొనుటకు ముందు సంఘపు డిజైను ఒకటి ఆ కంప్యూటరులో తెరచి చూపవలెనను షరతు.

ఈ ఏడు పంక్తులు వ్రాసి యిచ్చు వర్తకుని సరుకును పరిశీలింపవచ్చును. వ్రాయుటకు వెనుదీయువానిని విడిచిపెట్టవచ్చును. మూడవ పంక్తిని ప్రత్యేకముగా సర్వసభ్య సమావేశము ముందుంచవలెను. ఆ రెండు ధరల తేడాతో ఎన్ని చిలపల నూలు వచ్చునో అధ్యక్షులు సభలో చదివి వినిపించినచో, సభ్యులే తగిన నిర్ణయము చేయుదురు. నూలు పట్టుకొని వ్రేళ్ళతో నెంబరు చెప్పగల మనవారికి ఈ కార్డుల అంకెలు అలవడుట ఏమంత కష్టము కాదు. కొత్త యంత్రమును వలదనరాదు, కొలువకుండ కొనరాదు.